బుధవారం మా వీధి అంగడి

బుధవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి మా వీధిలో కార్లన్నీ తీసేస్తారు. మరిచిపోయినవాళ్ల తలుపు వాచ్‌మనే కొట్టి "సార్, ఇయ్యాల అంగడి" అని గుర్తు చేస్తాడు. మూడున్నరకి మొదటి ట్రాలీ ఆటో రివర్సులో వచ్చి వేపచెట్టు దగ్గర ఆగుతుంది. సిమెంటు రోడ్డు కాబట్టి గుంజలు పాతడానికి వీల్లేదు. పాత పెయింటు డబ్బాల్లో కాంక్రీటు పోసి మధ్యలో పైపు నిలబెట్టినవి తెచ్చుకుంటారు. వాటికి తాళ్లు కట్టి నీలం టార్పాలిన్ పట్టాలు లాగుతారు. ఐదున్నరకల్లా చౌరస్తా నుంచి వాటర్ ట్యాంకు దాకా ఎక్కడా రోడ్డు కనపడదు.

ఆ చివర ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. మధ్యలో కూరగాయలు. ఈ చివర నైటీలు, ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గిన్నెలు, మిర్చీ బజ్జీ బండి. "రెండు కిలోలు యాభై, రెండు కిలోలు యాభై" అని రికార్డు చేసిన గొంతు మైకులో తిరుగుతూనే ఉంటుంది. దాని పక్కనే ఒకాయన మైకు లేకుండా అంతకంటే గట్టిగా అరుస్తుంటాడు. చీకటి పడే వేళకి ఒక కుర్రాడు బ్యాటరీలు, ఎల్‌ఈడీ బల్బులు ట్రాలీలో వేసుకుని వచ్చి ఒక్కో కొట్టుకి ఒకటి తగిలించి పోతాడు. రాత్రి పదింటికి మళ్లీ వచ్చి బల్బుకి ముప్పై రూపాయల చొప్పున అద్దె వసూలు చేసుకుంటాడు. ఆ తెల్లటి వెలుగులో వంకాయలు నీలంగా మెరుస్తాయి. ఇంటికి తెచ్చి చూస్తే మామూలు వంకాయలే.

మాది పాలకొల్లు. అక్కడ మేం సంత అంటాం. పెళ్లై హైదరాబాద్‌లోని ఓల్డ్ అల్వాల్ వచ్చి పదకొండేళ్లైంది, ఇప్పుడు నా నోటికి కూడా అంగడి అనే వస్తుంది. వచ్చిన కొత్తలో మొదటి బుధవారం గోంగూర కావాలని అడిగితే ఆకుకూరల అక్క నా వైపు ఒకసారి చూసి, "పుంటికూరనా మేడం?" అంది. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర నేను కూరగాయలకి కొత్త పేర్లు నేర్చుకున్నాను. గోరుచిక్కుడు గోకరకాయ అయింది. వెల్లుల్లి ఎల్లిగడ్డ అయింది. సొరకాయ ఆనిగెపుకాయ అయింది. వానాకాలంలో మా అమ్మ ప్రాణం పెట్టే ఆగాకరకాయ ఇక్కడ బోడకాకర. పేరు ఏదైనా ధర మాత్రం రెండు చోట్లా మంటే.

గంగవాయిలి కూర మాత్రం నాకు పూర్తిగా కొత్త. నేలకి అతుక్కుని పాకే మొక్క. చిన్న చిన్న దళసరి ఆకులు, ఎర్రటి కాడ. చూస్తే ఎవరో పెరట్లో కలుపు పీకి కట్ట కట్టినట్టు ఉంటుంది. "ఇది తింటారా అక్కా?" అని అడిగాను. ఆవిడ ఒక కాడ తుంచి నా చేతిలో పెట్టి నమలమంది. పుల్లగా, కొంచెం జిగురుగా, నీళ్లు నిండిన కాడ పళ్ల కింద కరకరలాడింది. "పప్పుల ఏసుకో. చింతపండు తక్కువెయ్యి, దీనికే పులుపుంటది" అంది. పెసరపప్పులో వేశాను. అప్పటి నుంచి మా ఇంట్లో అది వారం తప్పదు. మా అమ్మాయికి అదే ఇష్టమైన పప్పు. పాలకొల్లు వెళ్తే అక్కడ దొరకదని బెంగ పెట్టుకుంటుంది.

అక్కకి యాభై ఐదేళ్లుంటాయి. మేడం అనడం మానేసి చాలాకాలమైంది, చెల్లె అంటుంది. వారంలో ఆరు రోజులు ఆరు చోట్ల అంగడి చేస్తుంది. ఆకుకూరలు ఆవిడ చూసుకుంటే, పక్కనే టమాటాలు, పచ్చిమిర్చి కోడలు అమ్ముతుంది. ఆటో కొడుకుది. ఆకుకూర కట్టల మీద ప్రతి పది నిమిషాలకీ చిన్న చెంబుతో నీళ్లు చిలకరిస్తూ, అడుగునున్న కట్టల్ని పైకి, పైనున్నవాటిని అడుక్కి మారుస్తూనే ఉంటుంది. ఆ చెయ్యి ఖాళీగా ఉండగా నేను చూడలేదు. చిల్లర ఇచ్చేటప్పుడు కూడా ఎడమ చెయ్యి కొత్తిమీర సర్దుతూనే ఉంటుంది.

మూడేళ్ల కిందట ఒక బుధవారం టమాటా బేరం చేశాను. ఆవిడ కోడలు ముప్పై అంది, నేను పాతిక అన్నాను. బేరం చెయ్యడం తప్పని నేను అనుకోను, మా నాన్నతో సంతకి వెళ్లిన రోజు నుంచీ చేస్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు "బోయిన్‌పల్లిలో పద్దెనిమిదేనట కదా" అన్నాను. పేపర్లో చూసిన అక్కడి హోల్‌సేల్ మార్కెట్ ధర అది. కోడలు ఏమీ అనలేదు. అక్క మాత్రం చేస్తున్న పని ఆపి, కోపం లేకుండానే, "ఒక్కసారి నా ఎంబడి మార్కెట్‌కు రా చెల్లె. సూస్తే నీకే ఎరుకైతది" అంది.

నిజంగానే వెళ్లాను. ఆ వేసవి సెలవుల్లో, తెల్లవారుజామున మూడున్నరకి, వాళ్ల ట్రాలీలో వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చుని.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ యార్డు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. నగరానికి వచ్చే కూరగాయల్లో పెద్ద వాటా దిగేది అక్కడే. ఆ వేళకే లోపల మధ్యాహ్నంలా ఉంది. మదనపల్లె నుంచి, కర్ణాటక నుంచి టమాటా లారీలు, ఆగ్రా ఆలుగడ్డ బస్తాలు. హమాలీలు "జరుగు, జరుగు" అంటూ నెత్తిన రెండు మూడు ట్రేలు పెట్టుకుని పరుగులాంటి నడకతో పోతుంటారు. పక్కకి తప్పుకోకపోతే తప్పు మనదే. ఆకుకూరలు అక్కకి ఇక్కడివి కావు. రాజీవ్ రహదారి మీద వంటిమామిడి మార్కెట్ నుంచి, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆవిడ మరిది తెచ్చిపెడతాడు.

టమాటా వేలం పాట జరుగుతున్న చోట ఆవిడ పద్ధతి చూశాను. ట్రేలో పైన పరిచిన కాయల్ని చూడనే చూడదు. పక్క నుంచి చెయ్యి అడుగుదాకా పోనిచ్చి ఒక కాయ తీస్తుంది. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కుతుంది. ఒక ట్రే దగ్గర తీసిన కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ నాకు చాలా బాగుందనిపించింది. ఆవిడ దాన్ని తిప్పి, తొడిమ చుట్టూ వెంట్రుకంత సన్నని గీత చూపించింది. "వానకు తడిసింది. నీళ్ల కాయ. పొద్దుమూకేసరికి పగుల్తది" అని తిరిగి పెట్టేసింది. నాలుగు ట్రేలు వదిలి ఐదోది తీసుకుంది. నేను ఇరవై ఏళ్లుగా టమాటాలు కొంటున్నాను, ఆ గీతని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఫోన్‌లో లెక్క రాయడం మొదలుపెట్టి, రాత్రి అంగడి అయ్యాక పూర్తి చేశాను. ఒక ట్రే 25 కిలోలు, 450 రూపాయలు. అంటే కిలో 18, పేపర్లో వచ్చిన ధరే. హమాలీకి 10. ఆటో డీజిలు వాటా ట్రేకి 40. కలిపి 500, కిలోకి ఇరవై పడింది. సాయంత్రానికి చితికినవి, పగిలినవి మూడు కిలోలు పక్కన పడేసింది. మిగిలినవి 22. అందులో పదిహేను కిలోలు ముప్పై లెక్కన పోయాయి. ఎనిమిదిన్నర తర్వాత, ఇంటికి తీసుకెళ్తే రేపటికి పనికిరావు కాబట్టి, ఏడు కిలోలు ఇరవైకి ఇచ్చేసింది. మొత్తం 590. తొంభై రూపాయలు మిగిలాయి. అందులో బల్బు ముప్పై. ఆ రోజు ఆవిడ తెచ్చినవి నాలుగు ట్రేలు. నేను అడిగిన ఐదు రూపాయల తగ్గింపు ఆ తొంభైలోంచి పోవాలి.

లెక్కలో నేను ముందు రాయనిది ఒకటుంది. సాయంత్రం ఆరున్నరకి ఒక అతను బండి మీద వచ్చి ఆపకుండానే చెయ్యి చాపుతాడు. అక్క ముందే మడిచిపెట్టుకున్న వంద నోటు ఇస్తుంది. అతను చిన్న కార్డు మీద గీత గీసి వెళ్లిపోతాడు. దాన్ని గిరిగిరి అంటారు. పది వేలు అప్పు అని చెప్పి చేతికి తొమ్మిది వేలే ఇస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతూ ఉంటుంది కాబట్టి, ఆ తొమ్మిది వేలూ ఆవిడ చేతిలో వంద రోజులు ఉండవు. సగటున అందులో సగమే ఉంటుంది. ఏడాది వడ్డీగా మారిస్తే 75 శాతం దాటుతుంది. మన వాడుకలో చెప్పాలంటే ఆరు రూపాయల వడ్డీ కంటే ఎక్కువ. ఆ లెక్క నేను కాయితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను, కడుపులో తిప్పినట్టైంది.

బ్యాంకు అప్పు ఆవిడకి తెలియక కాదు. కరోనా టైంలో, 2020లో, వీధి వ్యాపారుల కోసం కేంద్రం పీఎం స్వనిధి అప్పుల పథకం పెట్టినప్పుడు మొదటి విడత పది వేలు తీసుకుంది. వాయిదాలు సరిగ్గా కట్టి రెండో విడత ఇరవై వేలు కూడా తీసుకుంది. గుర్తింపు కార్డుని ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డబ్బుల సంచిలో అడుగున దాచుకుంటుంది. ఇంటాయనకి ఒంట్లో బాగాలేనప్పుడు చేతిలో ఉన్న పెట్టుబడి ఆసుపత్రికి పోయింది. మర్నాడు మార్కెట్‌కి వెళ్లడానికి అప్పటికప్పుడు డబ్బు కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి చేతిలో పెట్టేవాడు గిరిగిరి వాడొక్కడే.

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ "ఇప్పుడు వీళ్లకి పండగే" అన్నారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఆ తెల్లవారుజామున వెళ్లి ఉండకపోతే. పెట్టుబడి అంతే ఉంది, ధర ఐదింతలైంది. నాలుగు ట్రేలు తెచ్చే డబ్బుకి ఒక్కటి కూడా నిండుగా రాలేదు. ఆ నెల కోడలు టమాటాలు పావుకిలో పొట్లాలు కట్టి అమ్మింది. చితికిన ఒక్కో కాయా ఒక్కో దెబ్బ. ఆ నెలంతా అక్క చింతచిగురు, చుక్కకూర ఎక్కువ తెచ్చింది. "పులుపుకు టమాటనే గావాల్నా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి అమ్మింది.

బోయిన్‌పల్లిలో నాకు బాగా గుర్తుండిపోయిన ఇంకో చోటు, యార్డులోనే ఉన్న బయోగ్యాస్ ప్లాంటు. కుళ్లిన కూరగాయలు, క్యాబేజీ పైరేకులు, ఆకులు అన్నీ అక్కడికి చేరతాయి. హైదరాబాద్‌లోనే ఉన్న ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. రోజుకి పది టన్నుల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు. మా పిల్లలకి యూనిట్ల లెక్క చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ దీన్నే ఉదాహరణగా చెబుతాను. రాత్రి పదింటికి మా వీధిలో మిగిలే చెత్తని చూసినప్పుడల్లా, ఇదీ అక్కడికి వెళ్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

ఇంతా రాసి, రెండో వైపు రాయకపోతే అన్యాయం. నిరుడు జూన్‌లో ఒక బుధవారం రాత్రి ఏడున్నరకి మా మామగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. అంబులెన్సు చౌరస్తా దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి దారి లేదు. పట్టాలు విప్పి, ట్రేలు జరిపి దారి చేసేలోపు పదిహేను నిమిషాలు. చివరికి మావారు, వాచ్‌మన్, అక్క కొడుకు కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. మామగారు బాగానే ఉన్నారు, స్టెంటు వేశారు. కానీ ఆ పదిహేను నిమిషాల టెన్షన్ నేను మరిచిపోలేను. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఈ అంగడి మా వీధిలో ఉండకూడదని నేను కూడా అనుకున్నాను.

కాబట్టి ఈ ఏడాది అసోసియేషన్ మీటింగులో అంగడి తీసేయించాలని కాయితం తిప్పినప్పుడు, సంతకం పెట్టినవాళ్ల మీద నాకు కోపం రాలేదు. కాయితం నా దాకా వచ్చింది. నేను పెట్టలేదు. ఒక వారం అడిగాను.

ఆ వారం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కూర్చుని చదివాను. చిన్న చట్టమే, ఎవరైనా ఒక సాయంత్రంలో చదవచ్చు. ఐదేళ్లకొకసారైనా సర్వే చేసి వీధి వ్యాపారులందరినీ నమోదు చెయ్యాలి. ఆ సర్వే పూర్తయి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చేయించాల్సి వస్తే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్ముకోవాలో సిఫార్సు చేసే కమిటీలో వీధి వ్యాపారులే 40 శాతానికి తగ్గకుండా ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఏళ్ల తరబడి చేరుతూ వచ్చిన చోటుని, ఆ కమిటీ సిఫార్సు మీద స్థానిక సంస్థ గుర్తిస్తే, చట్టం సహజ మార్కెట్ అంటుంది. మా బుధవారం అంగడి అచ్చంగా అలాంటి చోటే. మేం ఉంటున్న అపార్ట్‌మెంట్ కట్టకముందు, ఇక్కడ బావి, మామిడి చెట్లు ఉన్నప్పుడు కూడా అంగడి ఉండేదని వీధి చివర పాత ఇంట్లోని పెద్దాయన చెప్పారు. వీధికి ముందుగా వచ్చింది ఎవరో మా మీటింగులో ఎవరూ అడగలేదు.

మరుసటి ఆదివారం మీటింగులో నేను చట్టం చదవడం కంటే ముందు మామగారి సంగతే చెప్పాను. అందరికంటే ఎక్కువ భయపడింది మా ఇల్లు, అయినా అంగడి ఉండాలనే అంటున్నాను అన్నాను. రోడ్డు ముప్పై అడుగులు. రెండు వైపులా కొట్లు పెట్టి మధ్యలో జనం నిలబడితే ఎలుక కూడా దూరదు. ఒక్క వైపే పెట్టి, ఎడమ పక్క పది అడుగులు ఖాళీగా వదిలితే అంబులెన్సు వస్తుంది. సగం మంది సందు మలుపు దాటి ట్యాంకు వెనక రోడ్డులోకి జరగాలి. సెక్రటరీగారు మూడు నెలలు చూద్దామన్నారు. ఒప్పుకోనివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల భయం కూడా నాకు తెలుసు.

జరగడానికి అంగట్లో వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మూల మీద కొట్టుకి ఉండే గిరాకీ వెనక రోడ్డులో ఉండదు. రెండు బుధవారాలు గొడవలయ్యాయి. చివరికి వాళ్లే వంతులు వేసుకున్నారు, ఈ వారం ముందు ఉన్నవాళ్లు వచ్చే వారం వెనక్కి. అక్క మొదటి వారమే వెనక్కి వెళ్లింది. ఆ రోజు ఆవిడ పుంటికూర సగం మిగిలిపోయింది. మిగిలిన కట్టలు ఆవిడ ఊరికే ఇవ్వబోతే వద్దని, డబ్బులిచ్చి పన్నెండు తీసుకుని అపార్ట్‌మెంట్‌లో పంచాను. అన్నీ ఎర్ర కాడవి, పులుపెక్కువ ఉండేవి. మూడో అంతస్తులో సంతకం పెట్టినావిడ కూడా రెండు తీసుకుని, మర్నాడు పచ్చడి చేసి నాకు గిన్నెలో పంపింది.

ఇప్పుడు బుధవారం మూడింటికి, కార్లు తీశాక, అక్క కొడుకు తడి సున్నం డబ్బా, తాడు పట్టుకుని వస్తాడు. చౌరస్తా నుంచి ట్యాంకు దాకా పది అడుగుల కొలతన గీత గీస్తాడు. వానాకాలం కదా, పోయిన వారం గీసింది ఈ వారానికి ఉండదు. మొన్న స్కూలు నుంచి తొందరగా వచ్చాను. "తాడు ఆ కొస పట్టుకో అక్కా" అన్నాడు. బ్యాగు గేటుకి తగిలించి, గోడవారగా నిలబడి పట్టుకున్నాను. గీత సగానికి రాగానే చినుకులు మొదలయ్యాయి. అతను డబ్బా మీద గోనెపట్ట కప్పి, వేపచెట్టు కింద వాన ఆగేదాకా నిలబడ్డాడు. తాడు నా చేతిలోనే ఉంది.